సానియా మీర్జా ఆటను మనం సగమే చూశాం

అందరికీ నమస్కారం. టెన్నిస్ గురించి మాట్లాడమని పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. ముందు వరసల్లో రాకెట్ బ్యాగులతో వచ్చిన పిల్లలు కనిపిస్తున్నారు. వాళ్ల వెనకే అమ్మానాన్నలు ఉన్నారు. ఈ సాయంత్రం మీతో సానియా మీర్జా గురించి మాట్లాడతాను.

ఆమె పేరు తెలియనివాళ్లు ఈ హాల్లో ఉండరు. కానీ ఆమె ఆట గురించి చెప్పమంటే మనలో చాలామంది 2005లో మొదలుపెట్టి 2007కల్లా ఆగిపోతాం. ఆ తర్వాత గుర్తొచ్చేవి పెళ్లి, వివాదాలు, టీవీ ప్రకటనలు. డబుల్స్‌లో ఆమె ప్రపంచ నంబర్‌వన్ అయింది 2015లో. టెన్నిస్‌లో అతిపెద్దవైన నాలుగు టోర్నీలను గ్రాండ్‌స్లామ్‌లు అంటారు. ఆమె గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్‌లూ 2009 నుంచి 2016 మధ్య వచ్చినవి. అంటే మనం బాగా గుర్తుపెట్టుకున్న ఆ రెండు మూడేళ్లలో సీనియర్ స్థాయిలో ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా లేదు. ఆమె అసలు గొప్పతనం మనం చూడటం మానేశాక వచ్చింది.

ఎందుకు మానేశాం? "డబుల్సే కదా" అనుకున్నాం కాబట్టి. పాతికేళ్లుగా పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్నాను. ఆ మాట తల్లిదండ్రుల నోట, ఆటగాళ్ల నోట, చివరికి కోచ్‌ల నోట కూడా విన్నాను. విన్న ప్రతిసారీ బాధేస్తుంది. డబుల్స్ అనేది సింగిల్స్‌లో ఓడినవాళ్లకు దొరికే ఓదార్పు బహుమతి అని చాలామంది నమ్మకం. అది ఎంత తప్పో సానియా జీవితమే చూపిస్తుంది.

మొదటి భాగం త్వరగా చెప్పేస్తాను, మీకు తెలిసిందే. 1986 నవంబర్ 15న ముంబైలో పుట్టింది. పసితనంలోనే కుటుంబం హైదరాబాద్ వచ్చేసింది. ఆరేళ్లకు రాకెట్ పట్టింది. తొలి గురువుల్లో మహేశ్ భూపతి తండ్రి సీజీకే భూపతి ఒకరు. తండ్రి ఇమ్రాన్ మీర్జా కోచ్‌గా వెంట ఉన్నారు. 2002లో బుసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్, అంటే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి జంటగా ఆడే ఆటలో కాంస్యం గెలిచింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు కూడా నిండలేదు. 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లేబనోవాతో కలిసి వింబుల్డన్ జూనియర్ బాలికల డబుల్స్ గెలిచింది. 2004లో హైదరాబాద్‌లోనే జరిగిన డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టూర్) టోర్నీలో దక్షిణాఫ్రికాకు చెందిన లీజెల్ హ్యూబర్‌తో కలిసి తొలి టూర్ టైటిల్ అందుకుంది.

ఒక సంగతి గమనించారా? తొలి ఆసియా పతకం, తొలి వింబుల్డన్ కప్పు, తొలి టూర్ టైటిల్, మూడూ ఇద్దరు కలిసి ఆడే ఆటలోవే. ఆ సంకేతం మొదటి నుంచీ ఉంది. మనమే పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడానికి కారణం కూడా ఉంది. 2005 అలాంటి సంవత్సరం. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వైల్డ్‌కార్డుతో, అంటే నిర్వాహకులిచ్చే ప్రత్యేక ప్రవేశంతో అడుగుపెట్టి మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. అంతకుముందు ఓపెన్ ఎరాలో, అంటే 1968 తర్వాతి కాలంలో, ఒక భారత మహిళ గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో సింగిల్స్ మ్యాచ్ గెలవడమే 1998లో నిరుపమా వైద్యనాథన్‌తో మొదలు. ఫిబ్రవరి 12న హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించి సింగిల్స్ టైటిల్ గెలిచింది. ఆ తర్వాత దుబాయ్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్‌నెత్సోవాను వరుస సెట్లలో ఓడించింది. సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్‌కు చేరి షరపోవా దగ్గర ఆగింది. మన దేశం నుంచి ఒక అమ్మాయి అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. పద్దెనిమిదేళ్ల పిల్ల ఫోర్‌హ్యాండ్ కొడితే ఎదుటివాళ్లు అడుగు కదిలించేలోపే బంతి పక్కనుంచి వెళ్లిపోయేది. ఆ చేయి ఊపు, చివర్లో మణికట్టు తిప్పే తీరు, నేను పిల్లలకు వీడియోలో ఆపి ఆపి చూపిస్తుంటాను.

2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27కు చేరింది. ఇప్పటికీ ఏ భారత మహిళా అంతకన్నా పైకి వెళ్లలేదు.

తర్వాత దెబ్బలు. మోకాలు ముందే ఇబ్బంది పెడుతోంది. 2008లో కుడి మణికట్టుకు ఆపరేషన్ జరిగింది. బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్ మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి సహకరించేది కాదని, మనసు బాగా కుంగిపోయిందని తర్వాత ఆమే చెప్పింది. ఇక్కడున్న పెద్దవాళ్లు ఒక్క క్షణం ఆలోచించండి. ఇరవై ఒక్క ఏళ్లు. ఆట మొత్తం ఏ మణికట్టు మీద నిలబడిందో ఆ మణికట్టే పోయింది.

టెన్నిస్‌లో జీతం అనేది ఉండదని చాలామందికి తెలియదు. క్రికెటర్‌కు బోర్డు కాంట్రాక్టు ఉంటుంది. టెన్నిస్ ఆటగాడు తన కోచ్‌కు, ఫిజియోకు, విమానం టికెట్లకు, హోటల్ గదికి తానే డబ్బు కట్టుకోవాలి. ఎంత దూరం గెలుచుకుంటూ వెళ్తే అంత ప్రైజ్‌మనీ. ర్యాంకింగ్ పాయింట్లు ఏడాది తిరిగేసరికి చెల్లిపోతాయి. పోయిన ఏడాది ఇదే వారం గెలిచావా, ఈ ఏడాది మళ్లీ గెలువు, లేకపోతే కిందికి జారిపో. గాయంతో ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటే ర్యాంకు కూలిపోతుంది. ర్యాంకు కూలితే పెద్ద టోర్నీల్లో ప్రవేశం ఉండదు. అప్పుడు మళ్లీ చిన్న ఊళ్లు, చిన్న టోర్నీలు, క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు. సానియా ఈ చక్రంలో ఒకసారి కాదు, పదే పదే తిరిగింది.

మణికట్టు ఆపరేషన్ అయిన తర్వాతి ఏడాదే, 2009 జనవరిలో, మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారత మహిళ అయింది. ముందు ఏడాది ఇదే జంట అదే ఫైనల్లో ఓడిపోయింది. 2012లో వాళ్లిద్దరే ఫ్రెంచ్ ఓపెన్ కూడా గెలిచారు.

అదే 2012లో లండన్ ఒలింపిక్స్‌కు ముందు మగ ఆటగాళ్ల మధ్య ఎవరు ఎవరితో ఆడాలన్న గొడవ వచ్చింది. ఆ గొడవ సర్దుబాటులో సానియాను లియాండర్ పేస్‌కు మిక్స్‌డ్ భాగస్వామిగా చూపించారు. అప్పుడు ఆమె ఒక బహిరంగ ప్రకటన ఇచ్చింది. పేస్‌తో ఆడటం తనకు గౌరవమే కానీ, అలిగిన ఒక పెద్ద ఆటగాడిని శాంతపరచడానికి తనను ఎరగా వాడారని రాసింది. గ్రాండ్‌స్లామ్ చాంపియన్ అయిన మహిళను ఎవరూ సంప్రదించకుండా పంపకాల లెక్కలో వేశారు. ఆమె కోపం న్యాయమైనదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఇక్కడ చాలామంది ఆడపిల్లలున్నారు. ఆ ప్రకటన వెతికి చదవండమ్మా. దేశం తరఫున ఆడటానికి సిద్ధమని చెబుతూనే, జరిగిన అవమానాన్ని పేరుపెట్టి చెప్పింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. శరీరం ఇక సింగిల్స్ భారాన్ని మోయలేదని తెలిశాక, 2013లో ఆమె సింగిల్స్ వదిలేసి పూర్తిగా డబుల్స్‌కే పరిమితమైంది. ఆమె ఆటజీవితంలో ఇంతకంటే పెద్ద నిర్ణయం ఇంకొకటి లేదని నా అభిప్రాయం. సింగిల్స్‌లో డబ్బెక్కువ, పేరెక్కువ, టీవీలో చూపించేదీ అదే. దాన్ని వదులుకున్న ఆటగాళ్లలో చాలామంది మెల్లగా కనుమరుగైపోతారు. సానియా డబుల్స్‌ను కొత్తగా నేర్చుకోవాల్సిన విద్యలా తీసుకుంది.

పిల్లలూ, డబుల్స్ వేరే ఆట. కోర్టు వెడల్పు సింగిల్స్‌కు 27 అడుగులు, డబుల్స్‌కు 36. తొమ్మిది అడుగులు పెరిగాయి, మనిషి కూడా పెరిగాడు. సింగిల్స్‌లో నువ్వు గట్టిగా కొడితే బంతి వెళ్లాల్సిన ఖాళీ కనబడుతుంది. డబుల్స్‌లో ఆ ఖాళీ దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు రాకెట్‌తో నిలబడి ఉంటారు. అందుకే సర్వ్‌కు ఇచ్చే రిటర్న్ కోర్టుకు అడ్డంగా, నెట్ మీద తక్కువ ఎత్తులో, నెట్ దగ్గరున్న మనిషికి అందకుండా వెళ్లాలి. కాస్త ఎత్తుగా వెళ్లిందా, ఆ మనిషి పక్కకు దూకి కాళ్ల దగ్గర కొట్టేస్తుంది. ఇక్కడ సానియా రిటర్న్ అమోఘం. ఆమె ఫోర్‌హ్యాండ్ రిటర్న్ ఎంత వేగంగా వచ్చేదంటే, సర్వ్ చేసినమ్మాయి తేరుకునేలోపే తేలికైన బంతి పైకి లేచేది. దాన్ని ముగించడం నెట్ దగ్గరున్న భాగస్వామి పని.

ఆ భాగస్వామి ఎవరన్నదే డబుల్స్‌లో సగం కథ. జింబాబ్వేకు చెందిన కారా బ్లాక్‌తో కలిసి 2014లో సింగపూర్‌లో సీజన్ ముగింపు టోర్నీ గెలిచింది. ఫైనల్లో ముందటేడాది విజేతలు షియె సూవై, పెంగ్ షువాయ్ మీద 6-1, 6-0. అదే ఏడాది బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన తెలుగువాడు సాకేత్ మైనేనితో మిక్స్‌డ్ స్వర్ణం. అంతకుముందు 2010లో గ్వాంగ్‌జౌలో మన హైదరాబాదీ విష్ణువర్ధన్‌తో రజతం గెలిచింది. తనకన్నా ర్యాంకులో చాలా కిందున్న కుర్రాళ్లను పక్కన నిలబెట్టుకుని పతకాలు గెలిపించడం మామూలు విషయం కాదు.

2015 మొదట్లో ఆమె భాగస్వామి ఎవరో తెలుసా? షియె సూవై. రెండు మూడు నెలల ముందు సింగపూర్‌లో తాను ఓడించిన అమ్మాయే. ఆ జంట కుదరలేదు. మార్చిలో స్విట్జర్లాండ్‌కు చెందిన, ఒకప్పటి సింగిల్స్ నంబర్‌వన్ మార్టినా హింగిస్‌తో కలిసింది. కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలూ గెలిచారు: ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్. ఏప్రిల్ 13న సానియా ప్రపంచ డబుల్స్ నంబర్‌వన్. భారత మహిళల్లో ఆ చోటికి చేరింది ఆమె ఒక్కతే. అక్కడ వరుసగా 91 వారాలు ఉంది.

ఆ ఏడాది జులైలో జరిగిన వింబుల్డన్ ఫైనల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. అవతల రష్యా జోడీ మకరోవా, వెస్నీనా. ఈ ఎలెనా వెస్నీనాతోనే 2011లో సానియా ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ ఫైనల్ ఆడింది. సానియా సర్వ్ ఎటు పడుతుందో, ఒత్తిడిలో ఏ షాట్ కొడుతుందో పక్కనే నిలబడి చూసిన మనిషి ఇప్పుడు నెట్‌కు అవతల ఉంది. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది 6-6 దగ్గర సెట్‌ను తేల్చే టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్లో 2-5తో వెనకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే అంతే. అక్కడినుంచి గేమ్ తర్వాత గేమ్ లాక్కుని 5-5 చేశారు. అప్పటికి వెలుతురు తగ్గింది. ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూసి లైట్లు వేశారు. ఆ విరామంలో ఎవరికైనా టెన్షన్ నరాల్లోకి పాకుతుంది. తిరిగొచ్చి వరుసగా రెండు గేమ్‌లు గెలిచి 7-5తో ముగించారు. ఆ మ్యాచ్ చివరి అరగంట చూడకుండా ఎవరూ డబుల్స్ గురించి తీర్పులు చెప్పకూడదు.

తర్వాత యూఎస్ ఓపెన్. ఆ తర్వాత 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్. మెల్‌బోర్న్ ఫైనల్లో ఎదురుపడిన చెక్ జంట హ్లవాచ్‌కోవా, హ్రదెత్స్‌కా. 2011 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో సానియాను ఓడించింది వీళ్లే. ఐదేళ్లకు ఆ లెక్క సరిచేసింది. ఈ మధ్యలో వరుసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా గెలిచారు. ఫిబ్రవరిలో దోహాలో ఆ పరంపరను ఆపిన జంటలో ఒకరు మళ్లీ వెస్నీనాయే.

ఈ అల్లిక నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. 2016 ఆగస్టులో హింగిస్‌తో విడిపోయింది. ఆ వెంటనే సిన్సినాటి ఫైనల్లో కొత్త భాగస్వామి స్త్రైకోవాతో కలిసి హింగిస్ జంటనే ఓడించింది. 2017 జనవరిలో బ్రిస్బేన్‌లో పాత స్నేహితురాలు బెథనీ మాటెక్ శాండ్స్‌తో కలిసి టైటిల్ గెలిచింది. ఆ గెలుపుతోనే నంబర్‌వన్ స్థానం సానియా నుంచి బెథనీకి వెళ్లిపోయింది. పక్కన నిలబడి కప్పు ఎత్తిన మనిషికే పీఠం అప్పగించాలి, నవ్వుతూ అభినందించాలి. డబుల్స్ ఆడేవాళ్లకు ఇది మామూలే. ఇవాళ్టి ప్రత్యర్థి రేపటి జోడీ కావచ్చు. కోర్టు బయట ఎలా మసలుకుంటావన్నది కూడా నీ వృత్తిలో భాగమే అవుతుంది. కోపం వస్తే ఫోన్ నంబర్లు తుడిచేసేవాళ్లు ఈ ఆటలో ఎక్కువ కాలం నిలవరు.

ఓటములు కూడా చెప్పాలి. 2016 రియో ఒలింపిక్స్ మిక్స్‌డ్‌లో మన దేశపు ఆటగాడు రోహన్ బోపన్నతో కలిసి పతకానికి ఒక్క మ్యాచ్ దూరం దాకా వెళ్లింది. సెమీస్‌లో వీనస్ విలియమ్స్, రాజీవ్ రామ్ చేతిలో, కాంస్యం మ్యాచ్‌లో స్టెపానెక్, హ్రదెత్స్‌కా చేతిలో ఓడిపోయారు. మళ్లీ ఆ హ్రదెత్స్‌కాయే చూడండి. ఒలింపిక్ పతకం లేకుండానే ఆమె కెరీర్ ముగిసింది. అది నాకు ఇప్పటికీ లోటుగానే ఉంటుంది.

2018 అక్టోబర్‌లో కొడుకు ఇజాన్ పుట్టాడు. కాన్పు తర్వాత 26 కిలోల బరువు తగ్గి 2020 జనవరిలో హోబార్ట్‌లో ఉక్రెయిన్‌కు చెందిన నదియా కిచెనోక్‌తో కలిసి తిరిగొచ్చిన మొదటి టోర్నీనే గెలిచింది. ప్రపంచ నంబర్‌వన్‌గా ఉన్నప్పుడే టీవీ ఇంటర్వ్యూలో ఆమెను ఎప్పుడు స్థిరపడతారు, పిల్లలు ఎప్పుడు అని అడిగారు. నంబర్‌వన్ కావడం స్థిరపడటం కాదా అన్న అర్థం వచ్చేలా ఆమె ఎదురు ప్రశ్న వేస్తే, అడిగినాయన అక్కడే క్షమాపణ చెప్పారు. ఆ ప్రశ్నను మన ఇళ్లలో ఇప్పటికీ అడుగుతున్నాం.

2023 జనవరిలో ఆఖరి గ్రాండ్‌స్లామ్. మిక్స్‌డ్ భాగస్వామి బోపన్న. పద్నాలుగేళ్ల వయసులో తాను ఆడిన తొలి మిక్స్‌డ్ భాగస్వామి కూడా అతనేనని ఆ రోజు కన్నీళ్ల మధ్య చెప్పింది. ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయారు. ముప్పై ఆరేళ్ల వయసులో, తల్లి అయ్యాక, గ్రాండ్‌స్లామ్ ఫైనల్. మార్చి 5న హైదరాబాద్ ఎల్‌బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్‌లు ఆడితే బోపన్న, బెథనీ, కారా బ్లాక్ వచ్చారు. మొత్తం 43 డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిళ్లు.

ప్రసంగం ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

ఆ వెనక వరసలో ఉన్న నాన్నగారు అడుగుతున్నారు, వాళ్ల అమ్మాయికి పదమూడేళ్లట, ఇప్పటినుంచే డబుల్స్ ఆడించాలా అని. సార్, పదిహేడు పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు సింగిల్స్ తప్పనిసరిగా ఆడాలి. కాళ్లు, ఓర్పు, ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం అక్కడే వస్తాయి. కానీ ప్రతి టోర్నీలో డబుల్స్‌కు కూడా పేరు ఇవ్వండి. సింగిల్స్ మొదటి రౌండ్‌లో ఓడిందని ఆ సాయంత్రమే రైలెక్కించి ఇంటికి తీసుకెళ్లకండి. డబుల్స్ మిగిలి ఉంటే ఇంకో రెండు రోజులు ఉండి ఆడనివ్వండి. మన దగ్గరే హైదరాబాద్ అమ్మాయి రష్మిక శ్రీవల్లి భమిడిపాటి సింగిల్స్‌లో దేశం తరఫున బాగా ఆడుతోంది. 2025లో పుణెలో దేశాల మహిళా జట్ల మధ్య జరిగే బిల్లీ జీన్ కింగ్ కప్ పోటీల్లో ఆడిన సింగిల్స్ మ్యాచ్‌లన్నీ గెలిచింది. ఆమె ఆట కూడా మీ అమ్మాయికి చూపించండి.

ఇంకొకటి, ముందు వరసలో బాబు చెయ్యెత్తాడు. చెప్పు నాన్నా. సానియా సర్వ్ అంత గొప్పగా లేదు కదా, మరి నంబర్‌వన్ ఎలా అయింది? చాలా మంచి ప్రశ్న. నువ్వు ఆట శ్రద్ధగా చూశావు. సింగిల్స్‌లో ఆమె రెండో సర్వ్ మీద అందరూ విరుచుకుపడేవాళ్లు, అక్కడే చాలా మ్యాచ్‌లు పోయాయి. డబుల్స్‌లో సర్వ్ వేగం కన్నా అది ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం. సర్వ్‌ను సెంటర్ లైన్ వైపు వేస్తే ఎదుటివాళ్లకు రిటర్న్‌ను పక్కలకు తిప్పడం కష్టమవుతుంది. బంతి మధ్యలోకే వస్తుంది, అక్కడ నెట్ దగ్గర హింగిస్ కాచుకుని ఉంటుంది. హింగిస్ సర్వ్ కూడా వేగమైనది కాదు. రెండు మామూలు సర్వ్‌లతో వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. రేపు ఉదయం ప్రాక్టీస్‌కు నీ జోడీని కూడా తీసుకురా, సర్వ్ ఎక్కడ వేయాలో, నెట్ దగ్గర ఎక్కడ నిలబడాలో మీ ఇద్దరికీ కోర్టులోనే చూపిస్తాను.